పదకొండు తువ్వాలలు, ఒక విమానం

కార్యక్రమం ఆదివారం ఉదయం పదకొండు గంటలకు మొదలై పదకొండు ఇరవై ఎనిమిదికి ముగిసేది. జహీరాబాద్‌లోని మా డాబా నుంచి హైదరాబాద్ ప్రసార స్తంభం వరకు పటం మీద గీత గీస్తే దాదాపు తొంభై ఎనిమిది కిలోమీటర్లు. మామూలు రేడియోకు ఎఫ్ఎం ప్రసారం అరవై, మహా అయితే డెబ్బై కిలోమీటర్ల వరకే అందుతుంది. మిగిలిన దూరం కోసం నేను అల్యూమినియం గొట్టాలు కోసి ఐదు అడ్డకడ్డీల యాంటెనా ఒకటి తయారుచేశాను. తరంగం పొడవు మూడు మీటర్లు. అందులో సగానికి కొంచెం తక్కువ, అంటే నూట నలభై రెండు సెంటీమీటర్లు, ప్రధానమైన కడ్డీ పొడవు. నేల నుంచి తొమ్మిది మీటర్ల ఎత్తున, తూర్పు నుంచి కొద్దిగా దక్షిణానికి తిప్పి బిగించాను.

నా భార్య తమ్ముడు వాకిట్లో నిలబడి చాలాసేపు పైకి చూశాడు.

"బావా, డాబ మీద చేప ముల్లు ఎండబెట్టినవా?" అన్నాడు.

బావను ఆటపట్టించడం బామ్మర్ది హక్కు. అతడు ఆ హక్కును పూర్తిగా వాడుకునేవాడు. నా నడక మీద, నా టిఫిన్ డబ్బాలోని మూడు గిన్నెల క్రమం మీద, చొక్కా జేబులో నేను ఎప్పుడూ ఉంచుకునే చిన్న టేపు మీద అతనికి ఏదో ఒక మాట ఉండేది. మా ఇద్దరి బస్సు గురించి మాత్రం అతడు ఒక్కసారీ ఎగతాళి చేయలేదు. దాన్ని నేను గౌరవం అనుకున్నాను.

నిజానికి సెల్‌ఫోన్‌లో యాప్ ఉంది. మా గోడ అవతల, మేము పిన్ని వరసగా ఖాలా అని పిలిచే పెద్దామె ఇంట్లో మనవలు ఆ యాప్‌లోనే వినేవారు. నెట్‌లో వచ్చే ప్రసారం గాలిలో వచ్చేదానికంటే దాదాపు నలభై సెకన్లు ఆలస్యం. మేము నవ్విన నలభై సెకన్లకు అదే మాటకు ఖాలా ఇంటివారు నవ్వేవారు. మా నవ్వు గోడ దాటి వెళ్ళి తిరిగి వచ్చినట్లు ఉండేది. నేలమీది తీగలకంటే నా కడ్డీలే నయమని ఆ నలభై సెకన్లూ వారం వారం నాకు రుజువు చేసేవి.

అది దక్కనీలో, అంటే మా వైపు ఉర్దూలో, సాగే హాస్య ధారావాహిక. హైదరాబాద్‌లో ఒక చిన్న విమానాల కంపెనీ. దానికి ఉన్నది ఒకే విమానం, పంతొమ్మిది సీట్లు. దిగడానికి సొంత నిచ్చెన లేదు, టెంట్ హౌస్ నుంచి అద్దెకు తెస్తారు. పెళ్ళి ముహూర్తాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో నిచ్చెన దొరకక ప్రయాణికులు విమానంలోనే మధ్యాహ్న భోజనం చేస్తారు. సామాను తూచడానికి ఉల్లిగడ్డల కాంటా. ప్రతివారం కంపెనీ మూతపడబోతుంది, ప్రతివారం ఎలాగో ఒక గండం గడుస్తుంది. కప్తాన్ సాబ్ అనే ఆయన తలుపు గొళ్ళెం సరిగా పడకపోయినా మైకులో వాతావరణం గురించి సుదీర్ఘంగా ప్రసంగిస్తాడు. అందరికంటే నాకు ఆయనే ఎక్కువ నచ్చేవాడు. ఆయన గొంతు వినపడగానే నేను కుర్చీలో ముందుకు జరిగేవాణ్ణి.

నా భార్య అల్లం పొట్టు తీస్తూ వినేది. బామ్మర్ది గడప మీద కూర్చుని, ఒక కాలు బయట పెట్టి వినేవాడు. ఆ ఇరవై ఎనిమిది నిమిషాలు తప్ప మా ముగ్గురికీ కలిసి నవ్వే వేళ ఆ రోజుల్లో వేరే లేదు. ఎందుకంటే మా బస్సు నష్టాల్లో మునిగిపోతూ ఉంది. అది నిలుస్తుందా లేదా, బామ్మర్ది స్టీరింగ్ ముందు ఉంటాడా వెళ్ళిపోతాడా అనేదే అప్పుడు మా ఇంట్లో ఎవరూ పైకి అనని ప్రశ్న.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కొలతల విభాగంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి నేను పదవీ విరమణ చేశాను. బామ్మర్దికి ఒక పాత జీపు ఉండేది. న్యాల్‌కల్ దాటి వాళ్ళ ఊరు దాకా, జహీరాబాద్ నుంచి ఇరవై తొమ్మిది కిలోమీటర్లు, రోజుకు మూడుసార్లు నడిపేవాడు. జీపులో పట్టవలసినవారు తొమ్మిది మంది, ఎక్కేవారు పదహారు. బయలుదేరడానికి వేళ అంటూ లేదు. నిండితే కదులుతుంది, ఎవరైనా ఇంకా రావలసి ఉంటే నిండినా కదలదు. నాకు అది చూడలేని అవ్యవస్థగా తోచింది. ఇరవై రెండు సీట్ల పాత మినీబస్సు, నికరమైన వేళలు, సీటుకు ఒక్కరే మనిషి: ఈ మూడింటితో రెండేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుందని గ్రాఫు కాగితం మీద చూపించాను. బామ్మర్ది కాగితం వైపు కాక నా ముఖం వైపు చూసి, "నువ్వు జెప్తే సరే బావా" అన్నాడు. జీపు అమ్మి ఆ డబ్బు తెచ్చి ఇచ్చాడు. అతడు బస్సు నడిపేవాడు. నేను తలుపు దగ్గర నిలబడి టికెట్లు ఇచ్చి, వేళలు చూసేవాణ్ణి.

మా వైపు సంతకు వచ్చినవారికి ఒక పద్ధతి ఉంది. తిరుగు ప్రయాణపు బండి వచ్చి ఆగగానే కిటికీలోంచి తువ్వాలో, దస్తీ అనే చేతిరుమాలో లోపలికి వేసి సీటు పట్టుకుంటారు. తర్వాత నింపాదిగా వెళ్ళి మిగిలిన బేరాలు ముగించుకుంటారు, చాయ్ తాగుతారు, దవాఖానలో ఉన్న చుట్టాన్ని చూసి వస్తారు. సీటు మీద బట్ట ఉందంటే మనిషి ఉన్నట్లే. ఆ మనిషి వచ్చేదాకా ఆగడం బండి నడిపేవాడి బాధ్యత. ఇది ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేని సంగతి. నేనూ చిన్నప్పుడు తువ్వాల వేసి సీటు పట్టినవాణ్ణే.

అయినా నా వేళల పట్టికలో తువ్వాలలకు గడి లేదు. ఎవరైనా జర ఆగమని అడిగితే నేను ఒకే మాట చెప్పేవాణ్ణి: "గడియారానికి బామ్మర్దులు ఉండరు." ఆ మాట నేనే కనిపెట్టానని నాకు కొంత గర్వం ఉండేది. డ్రైవర్ సీట్లో నా బామ్మర్దే ఉండగా ఆ మాట అనడం ఇంకా చమత్కారంగా ఉంటుందని కూడా అనుకునేవాణ్ణి.

వానాకాలం చివర ఒక సంత రోజు. బస్సు బయలుదేరవలసింది నాలుగూ ఇరవైకి. ఏడు నిమిషాల గడువు నేనే ఉదారంగా ఇచ్చాను. నాలుగూ ఇరవై ఏడుకు బస్సులో నలుగురు మనుషులు, తువ్వాలలూ దస్తీలూ కలిపి పదకొండు బట్టలు ఉన్నాయి. నేను తలుపు వేసి, పోనిమ్మన్నాను.

బామ్మర్ది అద్దంలోంచి నన్ను చూశాడు.

"బావా, తువ్వాలలున్నయి."

నేను నా గడియారం మాట చెప్పాను. అతడు గేరు వేశాడు. మలుపు దగ్గర ఒక తువ్వాల జారి కింద పడింది. నేను దాన్ని తీసి, దులిపి, మళ్ళీ అదే సీటు మీద పరిచాను. ఆ సమయంలో నాకు అది శ్రద్ధగానే అనిపించింది.

ఊళ్ళో బస్సు ఆగగానే ఒక పెద్దాయన తలుపులోంచి తొంగి చూసి, తన కోడలి దస్తీని గుర్తుపట్టి, మనుషులు ఏరీ అని అడిగాడు. అడిగింది నన్ను కాదు, బామ్మర్దిని. తువ్వాలలు వేసినవారు అతని జీపు ఎక్కి ఎక్కి అలవాటైనవారు; నన్ను నమ్మి కాదు, అతన్ని చూసి వేశారు. అతడు వెంటనే వెనక్కి తిప్పుతానన్నాడు. ఇరవై తొమ్మిది, మళ్ళీ ఇరవై తొమ్మిది కిలోమీటర్లు. డీజిల్ ఎంతవుతుందో నేను లెక్క చెప్పాను. ఆ పదకొండు మంది చీకటి పడ్డాక ఆటోలకు రెట్టింపు ఇచ్చి ఇళ్ళకు చేరారట. నేను బట్టలన్నీ మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఫ్యాక్టరీలో చేసినట్లే "దొరికిన వస్తువులు" అని చీటీ అంటించి, సీటు కింద ఉంచాను. సొంతదారులు వచ్చి అడుగుతారనుకున్నాను. ఎవరూ రాలేదు.

అప్పటి నుంచి ఎక్కేవారు తగ్గిపోయారు. ఒక్కో పయనానికి పద్నాలుగు, తర్వాత తొమ్మిది, తర్వాత ఆరు. ఆడవారికి సర్కారు బస్సుల్లో టికెట్ లేకపోవడమే దీనికి కారణమని నేను తేల్చాను. ఆ రోడ్డున సర్కారు బస్సు రోజుకు రెండుసార్లే వస్తుందనీ, ఆటోలు మునుపటిలాగే నిండిపోతున్నాయనీ నా కళ్ళ ముందే ఉంది. కానీ నా దగ్గర కారణం సిద్ధంగా ఉంది, అంకెలు దానికి సరిపోతున్నాయి. బామ్మర్ది వింటూ తల ఊపేవాడు. ఆదివారం వచ్చి గడప మీద కూర్చునేవాడు.

కొన్ని వారాల తర్వాతి ఆదివారం ప్రసారమైన భాగం ఇది. నిచ్చెన టెంట్ హౌస్‌కు తిరిగి ఇచ్చే వేళ అవుతోంది. విమానం ఎక్కిన ప్రయాణికులు సీట్ల మీద దస్తీలు పరిచి, చాయ్ తాగి వస్తామని కిందికి దిగుతారు. కప్తాన్ సాబ్ గడియారం చూసుకుని తలుపు వేయిస్తాడు. విమానం లేస్తుంది. గాలిలో కప్తాన్ సాబ్ మైకు అందుకుని దస్తీలకు స్వాగతం చెబుతాడు. ఎత్తు ఎంతో చెబుతాడు, బయటి ఉష్ణోగ్రత ఎంతో చెబుతాడు, కుర్చీ పట్టీలు బిగించుకొమ్మంటాడు. బీదర్‌లో దిగాక, ప్రయాణం సుఖంగా జరిగిందని తలుస్తున్నానంటూ చప్పట్ల కోసం ఆగుతాడు. రేడియోలో పూర్తి నిశ్శబ్దం.

నేను నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. తొడ మీద చరుచుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. "వీనికి విమానం ఎవడిచ్చిండు?" అని పైకే అన్నాను. నా భార్య చేతిలో అల్లం ముక్క ఉంది, కత్తి కదలడం లేదు. బామ్మర్ది వాకిట్లోకి చూస్తున్నాడు.

అప్పుడు బీదర్‌లో సామాను దించే మనిషి, ఎందుకు ఆగలేదని కప్తాన్ సాబ్‌ను అడిగాడు. ఆయన గొంతు సవరించుకుని చెప్పాడు: "ఘడీ కా కోయీ సాలా నై హోతా, మియా."

గడియారానికి బామ్మర్దులు ఉండరు.

నా నోరు ఇంకా నవ్వే ఆకారంలోనే ఉంది. దాన్ని ఎలా మూయాలో తెలియలేదు. చివర్లో రేడియో మనిషి, ఈ వారం కథకు ముడిసరుకు పంపిన జహీరాబాద్ ఆపాకు, అంటే అక్కకు, శుక్రియా చెప్పాడు. శ్రోతలు తమ ప్రయాణాల సంగతులు వాట్సాప్‌లో పంపవచ్చని వారు ప్రతివారం చెప్పేవారు. నేను ఎన్నడూ పట్టించుకోలేదు. బామ్మర్ది లేచి రేడియో ఆపాడు. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల ఖాలా ఇంట్లో ఒక్కసారిగా నవ్వులు లేచాయి. నలభై సెకన్లు. పిల్లలు, కోడలు, అందరికంటే పైన ఖాలా గొంతు.

తర్వాత ఆమె గోడ మీదుగా పిలిచింది.

"ఇంజినీర్ సాబ్, ఇయ్యాల కప్తాన్ మస్తు నవ్విచ్చిండు గదా. మీ ఇంట్ల సప్పుడే లేదేంది?"

ఆమెకు ఏమీ తెలియదు. నేను కుర్చీలోంచి లేవకుండానే, అవును ఖాలా, బాగుంది అన్నాను.

పంపింది తానేనని నా భార్య నేను అడగకముందే ఒప్పుకుంది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె అల్లం గిన్నె పక్కకు జరిపింది.

"మేం జెప్తే మీరు లెక్క జెప్తరు. రేడియో జెప్తే నవ్వుతరని పంపిన. నవ్వినంక సమజైతదనుకున్న."

ఆమె పంపిన ఆడియో ఫోన్‌లోనే ఉంది. వినిపించింది. నాలుగు నిమిషాల యాభై సెకన్లు. తువ్వాలల సంగతి ఎంత చక్కగా చెప్పిందంటే, రేడియోవారు కలిపింది విమానం ఒక్కటే. కింద పడిన తువ్వాలను నేను దులిపి సీటు మీద పరచడం కూడా చెప్పింది. అది ఆమెకు చెప్పగలిగినవాడు ఒక్కడే. చివర ఆమె గొంతు మారింది. "మా ఆయన మంచోడే. గట్టిగ జెప్పకుండ్రి. జర అర్థమయ్యేటట్టు జెప్పుండ్రి సారూ." ఆ ముక్క ప్రసారం కాలేదు.

బామ్మర్ది గడప మీద మళ్ళీ కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక బడి బస్సు నడపడానికి తనను పిలుస్తున్నారనీ, ఒకటో తారీఖు లోపల చెప్పాలనీ అన్నాడు. పిలిచింది ఇప్పుడు కాదట, రెండు నెలల కిందటే.

"అక్క ఆగుమంటే ఆగిన బావా. ఊళ్ళ తిరిగేటప్పుడు తలకాయ ఎత్తుడు అయితలేదు. నీ మీద ఒక జోక్ గుడ ఎయ్యబుద్ధి అయితలేదు."

వచ్చే సంత వరకు చూడమన్నాను. అతడు సరేనన్నాడు. నా మాటకు అతడు ఎప్పుడూ సరే అనేవాడే.

నా భార్య పదకొండు బట్టలూ ఉతికి, ఆరవేసి, మడత పెట్టింది. ఆ సంత రోజు బస్సును అరగంట ముందే తీసుకువెళ్ళి నిలిపాము. వేళల పట్టిక నేనే గోకి తీసేశాను. జిగురు మరక అద్దం మీద మిగిలింది. బట్టలు చేతి మీద వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. నాకు ముఖాలు తెలియవు. బామ్మర్ది ఒక్కొక్కరినీ చూపించాడు, నేను వెళ్ళి ఒక్కొక్కరికీ ఇచ్చాను. తప్పయిందని చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒకాయన తువ్వాలను వాసన చూసి, సబ్బు మంచిదే వాడారన్నాడు. ఇంకొకాయన నా చేతి గడియారం వైపు చూసి, టైం ఎంతయిందని చాలా వినయంగా అడిగాడు. చుట్టుపక్కల నలుగురు నేల చూశారు. తీసుకున్నవారు తీసుకున్నట్లే పక్కన నిలబడి ఉన్న ఆటోల దగ్గరికి వెళ్ళి, అదే తువ్వాలను అందులో సీటు మీద వేసి, బేరాలకు వెళ్ళిపోయారు. నేను చూస్తూ ఉండగానే నేను ఇచ్చిన ఒక్కొక్క బట్టా ఆ ఆటోల్లో పరచుకుంది.

చివరికి ఒక ముసలామె తన దస్తీ తీసుకుని బామ్మర్ది కిటికీ దగ్గర ఆగింది.

"నీ జీపైతే ఎక్కుతుంటి కొడుకా," అంది. "ఇది మీ బావ బస్సాయె."

ఐదూ నలభై దాకా ఆగాము. నా జీవితంలో ఒక బండిని నేను అంతసేపు ఆపి ఉంచినది ఆ ఒక్కసారే. ఎక్కినవారు ఇద్దరు, వారు ఊరికి కొత్తవారు. న్యాల్‌కల్ దాటాక బామ్మర్ది, ఒకటో తారీఖు నుంచి పోత బావా అన్నాడు. పొమ్మన్నాను. అప్పటికి నా దగ్గర వేరే లెక్క ఏదీ మిగలలేదు.

ధారావాహిక ఇంకా వస్తూనే ఉంది. ఆదివారాల్లో బామ్మర్దికి బడి బస్సు కడిగే పని ఉంటుందట. నా భార్య వంటింట్లో ఉంటుంది. తలుపు తెరిచే ఉంచుతుంది. నేను శబ్దం తగ్గించి వింటాను. ఆ దస్తీల భాగం నిజంగా బాగుంది. ఇప్పటికీ తలచుకుంటే ముందు నవ్వే వస్తుంది, చప్పట్ల కోసం కప్తాన్ సాబ్ ఆగిన చోట. ఆ తర్వాత చెవుల దాకా ముఖం వేడెక్కుతుంది. పక్క గదిలో నా భార్యకు నా నవ్వు వినపడి ఉంటుందా అని చూస్తాను. ఆ నవ్వును నేను ఆపలేకపోవడం, జరిగినదంతటిలోకీ నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. నలభై సెకన్ల తర్వాత గోడ అవతల ఖాలా ఇంటివారు నవ్వుతారు. వారి నవ్వులో తప్పేమీ లేదు.

బస్సు కొన్నది పదకొండు లక్షల నలభై వేలకు. అమ్మినది ఏడు లక్షల ఎనభై ఐదు వేలకు. జీపు పోయింది, మళ్ళీ కొనలేదు. ఒక రూటు పోయింది. బామ్మర్ది ఇప్పుడు నన్ను మీరు అని పిలుస్తున్నాడు. తువ్వాలలూ దస్తీలూ మొత్తం పదకొండు. తిరిగి ఇచ్చినవి తొమ్మిది. రెండు మా బీరువాలో ఉన్నాయి; ఎవరివో తెలియదు.